చెవి నరం మీది గడ్డ తీశాక వినికిడి ఎన్నేళ్లు నిలుస్తుంది?

క్లుప్తంగా

లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద పుట్టే వెస్టిబ్యులర్ ష్వానోమా కేన్సర్ గడ్డ కాదు. దీన్నే అకౌస్టిక్ న్యూరోమా అని కూడా అంటారు. అనుభవం ఉన్న చేతుల్లో దీని ఆపరేషన్ వల్ల ప్రాణం పోవడం నేడు చాలా అరుదు. చిక్కంతా వినికిడితోనే. గడ్డ చిన్నదిగా, వినికిడి పనికొచ్చే స్థాయిలో ఉండగా ఆపరేషన్ చేసినా, మొత్తం మీద ఆ వినికిడి మిగిలేది సగం మంది లోపే. అలా మిగిలిన వినికిడి బాగున్నదైతే ఎక్కువమందిలో ఏళ్ల తరబడి ఉంటుంది. రేడియేషన్ ఇచ్చినా, చికిత్స లేకుండా కనిపెట్టుకుని ఉన్నా నష్టం నెమ్మదిగా జరుగుతుంది. పదేళ్లు గడిచేసరికి మూడు దారుల అంకెలూ ఒకదానికొకటి దగ్గరికి వస్తాయి.

చప్పుళ్ల నగరంలో ఒక చెవి

విశాఖపట్నంలో చెవుడుకు ఒక కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: రొద. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డ్, పోర్టు, రిఫైనరీ, గాజువాక ఆటోనగర్ వర్క్‌షాపులు. రోలింగ్ మిల్లులో పాతికేళ్లు చేసిన మనిషి ఎడమ చెవి సరిగా వినపడటం లేదంటే, ఇంట్లోవాళ్లూ తోటి కార్మికులూ మిల్లు చప్పుడు వల్లేనని తేల్చేస్తారు. ఆయనా అదే నమ్ముతాడు. కానీ యంత్రాల రొద సాధారణంగా రెండు చెవులనూ దెబ్బతీస్తుంది. వినికిడి పరీక్ష ఫలితాన్ని గీతలుగా చూపే ఆడియోగ్రామ్ కాగితం మీద రెండు గీతలూ 4,000 హెర్ట్జ్ దగ్గర గుంట పడి, దాదాపు కలిసి నడుస్తాయి. ఒక్క చెవి గీత మాత్రమే కిందికి జారితే దానికి వేరే కారణం వెతకాలి. ఆ వెతుకులాటలో తప్పకుండా చూడాల్సిన వాటిలో ఈ గడ్డ ఒకటి.

తొలి గుర్తు చాలామందిలో ఫోన్ దగ్గర బయటపడుతుంది. ఎప్పుడూ ఎడమ చెవికి పెట్టుకునే ఫోన్ తెలియకుండానే కుడి చెవికి మారుతుంది. ఎందుకని అడిగితే, గొంతు వినపడుతోంది కానీ మాట తెలియడం లేదంటారు. ఆ చెవిలో హోరు, నడకలో చిన్న తూలు కూడా ఉండొచ్చు. కళ్లు గిర్రున తిరగడం తక్కువ. గడ్డ నెమ్మదిగా పెరిగే కొద్దీ, ఆ పక్క తగ్గిన సమతుల్యతను మెదడు సర్దుకుంటూ పోతుంది.

కొందరికి ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతుంది. స్టెరాయిడ్ మాత్రలతో మళ్లీ కొంత తెరుచుకుంటుంది. మందుకు తగ్గింది కదా, గడ్డ అయ్యుండదని అక్కడితో వదిలేయడం ప్రమాదం. గడ్డ ఉన్నవారిలోనూ స్టెరాయిడ్‌తో వినికిడి కొంతకాలం వెనక్కి వస్తుంది. ఒక్క చెవికే వచ్చిన నరాల చెవుడు ఎలా మొదలైనా, కాంట్రాస్ట్‌తో ఎమ్మారై తీస్తేనే విషయం తేలుతుంది. అలా స్కాన్ తీసినవారిలో గడ్డ బయటపడేది నూటికి కొద్దిమందిలోనే. ఆ కొద్దిమందికి మాత్రం అది 1 సెంటీమీటరు దగ్గర దొరకడానికీ 3 సెంటీమీటర్ల దగ్గర దొరకడానికీ మధ్య తేడా చాలా పెద్దది. ఎంత పెద్దదో కింది లెక్కలన్నీ చూపిస్తాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, పాడేరు, అరకు వైపు నుంచి, ఒడిశాలోని కోరాపుట్ వైపు నుంచి పెద్ద వైద్యానికి జనం వచ్చేది విశాఖకే. 1923 నుంచి ఉన్న ఆంధ్ర వైద్య కళాశాల, దానికి అనుబంధంగా కేజీహెచ్, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఇక్కడే ఉన్నాయి. అయితే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చుక్కల మందుకీ విశాఖలో ఎమ్మారైకీ మధ్య ఏళ్లు గడిచిపోతుంటాయి. ఒక చెవి పనిచేస్తున్నంత కాలం పని ఆగదు. పని ఆగనంత కాలం ఆసుపత్రి గుర్తుకు రాదు.

గడ్డ పుట్టేది వినికిడి నరం మీద కాదు

పేరు అయోమయపెడుతుంది గానీ, ఈ గడ్డ పుట్టేది శబ్దాన్ని మోసే నరం మీద కాదు. శరీర సమతుల్యతను చూసే వెస్టిబ్యులర్ నరానికి తొడుగుగా ఉండే ష్వాన్ కణాల్లో పుడుతుంది. లోపలి చెవి నుంచి మెదడు వైపు సుమారు 1 సెంటీమీటరు పొడవున ఎముకలో ఒక సన్నని సొరంగం ఉంటుంది. అందులో నాలుగు నరాలు పక్కపక్కనే సాగుతాయి: సమతుల్యతవి రెండు, వినికిడిది ఒకటి, ముఖాన్ని కదిలించేది ఒకటి. లోపలి చెవికి రక్తం తీసుకెళ్లే సన్నని ధమని కూడా ఆ దారినే వెళ్తుంది. చుట్టూ ఎముక కావడంతో, గడ్డ కాస్త పెరిగినా పక్కనున్నవన్నీ నలుగుతాయి.

ఏటా లక్ష మందిలో ఒకరికి ఇది బయటపడుతుందని ఒకప్పుడు లెక్కవేసేవారు. ఎమ్మారై విస్తరించిన దేశాల్లో ఇప్పుడు ఆ సంఖ్య మూడు నుంచి ఐదు వరకు ఉంది. జబ్బు పెరిగిందని దీనర్థం కాదు. వేరే కారణాలకు తీసిన స్కాన్లలో కూడా చిన్న గడ్డలు కనిపిస్తున్నాయి. చాలా గడ్డలు ఏళ్ల తరబడి కదలవు. పెరిగేవి కూడా సగటున ఏడాదికి 1, 2 మిల్లీమీటర్లే పెరుగుతాయి.

అయితే గడ్డ పెరగకపోయినా వినికిడి తగ్గొచ్చు. రోగులను అన్నిటికన్నా ఎక్కువగా తికమకపెట్టేది ఇదే: స్కాన్‌లో మార్పు లేదంటారు, చెవి మాత్రం ఏడాదికేడాది మందగిస్తుంది. ఒత్తిడి ఒక్కటే కారణమైతే ఇలా జరగకూడదు. గడ్డ కణాలు విడుదల చేసే కొన్ని పదార్థాలు లోపలి చెవిలోని సున్నితమైన కణాలను దెబ్బతీస్తాయని, లోపలి చెవి ద్రవంలో ప్రొటీన్ పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. రక్తప్రసరణ తగ్గడం ఇంకో కారణం. గడ్డను తీసేసినా, రేడియేషన్‌తో ఆపేసినా, అప్పటికే లోపలి చెవికి జరిగిన నష్టం వెనక్కి రాదు. ఈ శస్త్రచికిత్స ఉన్న వినికిడిని కాపాడటానికి ప్రయత్నిస్తుంది. పోయినదాన్ని తెచ్చివ్వడం చాలా అరుదు.

‘వినికిడి నిలిచింది’ అంటే ఎంత నిలిచినట్టు?

డిశ్చార్జ్ కాగితంలో కనిపించే ఈ ఒక్క మాట వెనక చాలా తేడాలు ఉంటాయి. చప్పట్లు కొడితే వినపడటం కూడా వినికిడే, ఫోన్‌లో బ్యాంకువాళ్లు చెప్పిన అంకెలు తెలియడం కూడా వినికిడే. అందుకే వైద్యులు రెండు కొలతలు కలిపి చూస్తారు. ఒకటి, ఎంత మెల్లని శబ్దం వినపడుతుందో చెప్పే డెసిబెల్ కొలత. రెండోది, చెప్పిన మాటల్లో నూటికి ఎన్ని సరిగ్గా తిరిగి చెప్పగలిగారన్న శాతం.

అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 1995లో ఇచ్చిన వర్గీకరణ ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. 30 డెసిబెల్స్ లోపు, 70 శాతం మాటలు తెలిస్తే ‘ఎ’ తరగతి. 50 డెసిబెల్స్ లోపు, కనీసం 50 శాతం మాటలు తెలిస్తే ‘బి’. ఈ రెంటినీ కలిపి పనికొచ్చే వినికిడి అంటారు. మాటలు సగం తెలుస్తున్నా శబ్దం 50 డెసిబెల్స్ దాటితే తప్ప వినపడకపోతే ‘సి’. సగం కన్నా తక్కువ మాటలు తెలిస్తే, శబ్దం ఎంత బాగా వినపడుతున్నా ‘డి’.

రెండో కొలతకు అంత బరువు ఎందుకో తెలుగు మాటలతోనే తెలుస్తుంది. పాలు, కాలు, చాలు, తాలు: ఈ నాలుగింటిలో అచ్చుల భాగం గట్టిగా, బరువుగా వినపడుతుంది. మాటను వేరు చేసేది మాత్రం మొదటి హల్లులో సెకనులో కొన్ని వందో వంతుల పాటు ఉండే చిన్న పేలుడు. నరం దెబ్బతింటే శబ్దం అందుతుంది, ఆ క్షణకాలపు తేడా చెదిరిపోతుంది. వంటింట్లోంచి ఎవరో ఏదో అన్నారని తెలుస్తుంది. పాలు అన్నారో చాలు అన్నారో తెలియదు. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచగలదు గానీ, నరంలో చెదిరిన మాటను కూర్చలేదు. అందుకే ‘డి’ తరగతి చెవికి మామూలు మిషన్ పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండదు.

ఈ పరీక్ష రోగి మాతృభాషలోనే జరగాలి. తెలుగులో దీనికోసం తయారైన పదాల జాబితాలు ఉన్నాయి. కోరాపుట్ నుంచి వచ్చిన ఒడియా మనిషికి తెలుగు జాబితా చదివితే, తప్పింది చెవో భాషో తేలదు. ఒక ఏడాది తెలుగు జాబితాతో, మరుసటి ఏడాది ఇంగ్లిష్ పదాలతో పరీక్షిస్తే ఆ రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి చూడలేం. చాలా చోట్ల డెసిబెల్ గీత గీసి ఇచ్చి, మాటల పరీక్ష వదిలేస్తారు. ఈ గడ్డ విషయంలో అది సగం పరీక్షే. అడిగి చేయించుకోవాలి.

ఆపరేషన్ బల్ల మీద ఏం జరుగుతుంది?

1917లో హార్వీ కుషింగ్ ఈ గడ్డల మీద పుస్తకం రాసే నాటికి, రోగి ప్రాణాలతో బయటపడటమే పెద్ద విజయం. 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ ఆపరేషన్‌లోకి మైక్రోస్కోప్‌నూ దంతవైద్యుల డ్రిల్లునూ తెచ్చి, చెవి ఎముక గుండా దారి చేశాక పరిస్థితి మారింది. మొదట ప్రాణం, తర్వాత ముఖ నరం, ఆ తర్వాతే వినికిడి: కాపాడాల్సిన వాటి వరుస ఇదే. నేటికీ ఈ వరుస మారలేదు. ముఖం వంకర పోకుండా చూడటం, మిగిలిన కొంచెం వినికిడి కన్నా ముందు వస్తుంది.

గడ్డను చేరడానికి మూడు దారులున్నాయి. చెవి వెనక ఎముకను తొలిచి, లోపలి చెవి గుండానే వెళ్లేది ట్రాన్స్‌ల్యాబిరింథిన్ పద్ధతి. ముఖ నరం స్పష్టంగా కనిపిస్తుంది, మెదడును పెద్దగా కదపనక్కర్లేదు. కానీ లోపలి చెవి పోతుంది కాబట్టి ఆ చెవి పూర్తిగా పోయినట్టే. వినికిడి ఎలాగూ మిగలని వారికి, పెద్ద గడ్డలకు ఇది వాడతారు. చెవి వెనక నుంచి చిన్న మెదడు పక్కగా వెళ్లే రెట్రోసిగ్మాయిడ్ దారిలో వినికిడి కాపాడే వీలుంటుంది. న్యూరోసర్జన్లకు బాగా అలవాటైనది ఇదే. చెవి పైనుంచి మెదడు అడుగుగా వెళ్లే మిడిల్ ఫాసా దారి, సొరంగం దాటని చిన్న గడ్డలకు. వినికిడి కాపాడటంలో దీనికి మంచి పేరుంది. కాకపోతే ముఖ నరం గడ్డకు పైన, అంటే సర్జన్ చేతికి అడ్డంగా ఉంటుంది. వయసు మీరినవారిలో మెదడు పైపొర పలచబడి ఉండటం వల్ల ఈ దారిని అంతగా ఎంచుకోరు.

వినికిడి పోయే తీరులు అనేకం. గడ్డ పెరిగే కొద్దీ వినికిడి నరం దాని ఉపరితలం మీద సాగి, పలచబడి, తడిసిన దూదిపోగులా అంటుకుపోతుంది. దాన్ని విడదీసేటప్పుడు ఒక లాగుడు చాలు. లోపలి చెవికి రక్తం ఇచ్చే ధమని వెంట్రుకంత సన్నం. దానికి ప్రత్యామ్నాయం లేదు. అది ముడుచుకున్నా తెగినా, నరం చెక్కుచెదరకుండా ఉన్నా చెవి మూగబోతుంది. డ్రిల్లు వేడి, ఎముకలోని అర్ధవృత్తాకార నాళాలు పొరపాటున తెరుచుకోవడం కూడా కారణాలే. నరాన్ని కాపాడామని సర్జన్ చెప్పినా రోగికి వినపడకపోవడంలో అబద్ధమేమీ లేదు. నరం ఒకటే మిగిలితే చాలదు, చెవీ రక్తప్రసరణా కూడా మిగలాలి.

అందుకే ఆపరేషన్ సాగుతుండగానే చెవిలోకి టిక్ టిక్ శబ్దాలు పంపుతూ మెదడు స్పందనను చూస్తారు. ఆసుపత్రుల్లో బెరా అని పిలిచే పరీక్షే ఇది. ఐదో తరంగం ఆలస్యమైతే సర్జన్ చెయ్యి ఆపి, దారి మార్చుకుంటాడు. వందల స్పందనలను సగటు కట్టాలి కాబట్టి ఈ హెచ్చరిక కొంత ఆలస్యంగా అందుతుంది. నరం మీదే నేరుగా ఎలక్ట్రోడ్ పెడితే దాదాపు వెంటనే తెలుస్తుంది. వినికిడి కాపాడే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు, ఈ పర్యవేక్షణ అక్కడ ఉందా, ఏ పద్ధతిలో అని అడగడం రోగి హక్కు. సర్జన్‌ను అనుమానించినట్టు కాదు.

ఎవరిలో నిలిచే అవకాశం ఎక్కువ? గడ్డ 1.5 సెంటీమీటర్ల లోపు ఉండటం, ముందే ‘ఎ’ తరగతి వినికిడి ఉండటం, బెరా తరంగాలు బాగుండటం, గడ్డకూ సొరంగం చివరికీ మధ్య ఎమ్మారైలో కాస్త ద్రవం తెల్లగా కనిపించడం. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, గడ్డ లోపలి చెవి గుమ్మం దాకా చొచ్చుకుపోలేదని అది చెబుతుంది.

తర్వాతి పదేళ్లు

అమెరికా న్యూరోసర్జన్ల సంఘం సీఎన్‌ఎస్ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కూడగట్టాయి. పనికొచ్చే వినికిడి ఉండి, చిన్న లేదా మధ్యస్థ గడ్డకు ఆపరేషన్ చేయించుకున్నవారిలో అది నిలిచే అవకాశం ఆపరేషన్ అయిన వెంటనే 25 నుంచి 50 శాతం. రెండేళ్లకు, ఐదేళ్లకు, పదేళ్లకు కూడా అదే మెట్టు. ముందే ‘ఎ’ తరగతి ఉన్నవారిలో తొలి దశ అవకాశం సగం దాటి ముప్పావు వరకు ఉంటుంది.

ఆ అంకెల తీరులోనే అసలు విషయం ఉంది. ఆపరేషన్‌లో నష్టం ఒకేసారి, మొదటి రోజే జరుగుతుంది. ఆ గండం దాటాక గీత చాలావరకు చదునుగా సాగుతుంది. ఐదేళ్లకు పైగా రోగులను వెంబడించిన మిడిల్ ఫాసా అధ్యయనాల్లో, ఆపరేషన్ తర్వాత 70 శాతానికి పైగా మాటలు తెలిసినవారిలో ఎక్కువమంది ఆ స్థాయిని నిలుపుకున్నారు. అప్పటికే కింది తరగతికి జారినవారిలో తర్వాత ఇంకా జారడం ఎక్కువ.

అందరిలోనూ చదునుగా ఉంటుందని కాదు. కొందరికి ఆపరేషన్ మర్నాడు వినపడి, కొన్ని రోజుల్లో పోతుంది. రక్తనాళం ముడుచుకోవడమే ఇందుకు కారణమై ఉండొచ్చని అనుకుంటారు. ఇంకొందరిలో ఏళ్ల మీద తగ్గుతుంది. నరం చుట్టూ మచ్చ కణజాలం బిగుసుకోవడం, లోపలి చెవికి రక్తం చాలకపోవడం, మిగిలిన ముక్క తిరిగి పెరగడం, వీటికి తోడు వయసు. వయసు వాటాను వేరుచేయాలంటే బాగున్న చెవిని కూడా ఏటా కొలవాలి. రెండు చెవులూ సమానంగా తగ్గితే అది వయసు లేదా రొద. ఆపరేషన్ చెవి ఒక్కటే తగ్గితే ఎమ్మారై ముందుకు జరపాలి.

ఇక్కడే అంకెలు చదివేవారు తరచూ మోసపోతారు. వంద మందికి ఆపరేషన్ చేశారనుకుందాం, నలభై మందిలో పనికొచ్చే వినికిడి మిగిలింది, పదేళ్లకు ఆ నలభైలో ముప్పై మందికి ఇంకా ఉంది. ఒక నివేదిక 75 శాతం అంటుంది, ఇంకొకటి 30 శాతం అంటుంది. రెండూ నిజమే. మొదటిది ఆపరేషన్ దాటి మిగిలినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంది. ఆపరేషన్‌కు ముందు కుర్చీలో కూర్చున్న మనిషికి కావాల్సింది రెండోది. ఆపరేషన్ అయ్యి, వినికిడి మిగిలి, ఇక ముందేమవుతుందోనని బెంగపడే మనిషికి మొదటిది కావాలి. వంద అంటే ఏ వంద అన్నది తెలియకుండా ఏ శాతాన్నీ నమ్మకూడదు.

మిగతా రెండు దారులతో పోలిస్తే

స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ రూపొందించిన గామా నైఫ్ అనే రేడియేషన్ యంత్రంతో ఈ గడ్డకు తొలి చికిత్స 1969లో జరిగింది. కోత ఉండదు. గడ్డ అంచుకు 12, 13 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదు ఇస్తారు. గడ్డ మాయమవదు, పెరగడం ఆగుతుంది. లోపలి చెవికి తగిలే మోతాదు 4 గ్రేలు మించకుండా చూస్తారు. అదే మార్గదర్శకాల ప్రకారం దీని తర్వాత పనికొచ్చే వినికిడి నిలిచే అవకాశం రెండేళ్లకు 50 నుంచి 75 శాతం, ఐదేళ్లకు కూడా అదే మెట్టు, పదేళ్లకు 25 నుంచి 50 శాతం. కనిపెట్టుకుని ఉంటే రెండేళ్లకు 75కు పైన, ఐదేళ్లకు 50 నుంచి 75, పదేళ్లకు మళ్లీ 25 నుంచి 50.

పదేళ్ల గడిలో మూడింటికీ ఒకే మెట్టు కనిపిస్తోంది కదా అని మూడూ ఒకటే అనుకోవడం తొందరపాటు. ఈ గుంపుల్లో మనుషులు వేరు. ఆపరేషన్‌కు వెళ్లేది సాధారణంగా చిన్న వయసువారు, పెరుగుతున్న గడ్డలవారు. కనిపెట్టుకుని ఉండేది చిన్న గడ్డలు, పెద్ద వయసు. పైగా ఆ పదేళ్లూ ఎలా గడిచాయన్నది వేరే సంగతి. నలభై ఏళ్ల టీచర్‌కు ఎనిమిదేళ్ల పాటు రెండు చెవులతో పాఠం చెప్పుకోవడం, మొదటి రోజే పందెం కాసి ఓడడం ఒకటి కావు. అదే పందెం గెలిచి ‘ఎ’ తరగతి నిలిస్తే, ఆమెకు పదిహేను, ఇరవై ఏళ్లు ముందుకు చూసే ధీమా దొరుకుతుంది. చిన్న గడ్డ, మొదటి తరగతి వినికిడి, ముందు చాలా జీవితం ఉన్నవారికి ఆపరేషన్ మాట ఎత్తడానికి ఆధారం ఇదే. మిగతావారిలో కేవలం వినికిడి కోసమే ఆపరేషన్‌కు తొందరపడటానికి ఆధారం బలహీనం.

తొందరగా రేడియేషన్ ఇస్తే వినికిడి బాగా నిలుస్తుందా అన్న ప్రశ్నకు నార్వే అధ్యయనం ఒకటి సమాధానమిచ్చింది. కొత్తగా గడ్డ బయటపడిన 100 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒకరికి వెంటనే గామా నైఫ్, ఇంకొకరికి స్కాన్లతో కనిపెట్టుకోవడం. నాలుగేళ్ల ఫలితాలు 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. రేడియేషన్ పొందినవారిలో గడ్డ కుంచించుకుంది. వినికిడిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. గడ్డను ఆపడం వేరు, చెవిని కాపాడటం వేరు అని దీనికన్నా తేటగా చెప్పిన అధ్యయనం లేదు.

కనిపెట్టుకుని ఉండటం గురించి డెన్మార్క్ లెక్క తెలుసుకోదగ్గది. గడ్డ బయటపడినప్పుడు నూటికి నూరు మాటలు తెలిసినవారిలో 69 శాతం మంది పదేళ్ల తర్వాత కూడా మంచి వినికిడితో ఉన్నారు. మొదట్లోనే కాస్త తగ్గుదల ఉన్నవారిలో అది 38 శాతమే. మొదటి రోజు చేసే మాటల పరీక్ష పదేళ్ల జాతకాన్ని ఇంతగా చెబుతుంటే, దాన్ని వదిలేయడానికి ఏ సాకూ చాలదు.

గామా నైఫ్ కోసం విశాఖ నుంచి వెళ్లేవారు బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట్ల వాకబు చేస్తారు. రెండో అభిప్రాయానికి రాయవేలూరు రైలెక్కడం ఉత్తరాంధ్రలో ఎప్పటినుంచో ఉన్నదే. చాలా గడ్డల విషయంలో ఆ ప్రయాణానికి కావాల్సినంత వ్యవధి ఉంటుంది. నిర్ణయం వారంలో తీసుకోవాల్సిన జబ్బు కాదిది.

గడ్డ పెద్దదైతే లెక్క మారుతుంది

పైన చెప్పిందంతా చిన్న, మధ్యస్థ గడ్డల సంగతి. 3 సెంటీమీటర్లు దాటి మెదడు కాండాన్ని నొక్కుతున్న గడ్డకు, తలలో నీరు చేరినవారికి ఎంపికలు ఎక్కువ ఉండవు. ఆపరేషనే దారి. అక్కడ వినికిడి దక్కడం అరుదు, ముఖ నరమే ముఖ్యం. ముఖ నరానికి అంటుకున్న పలచటి పొరను వదిలేసి, అది పెరిగితే తర్వాత రేడియేషన్ ఇవ్వడం ఇప్పుడు చాలాచోట్ల అనుసరిస్తున్న పద్ధతి. మొత్తం తీయలేదని కుటుంబం నొచ్చుకుంటుంది. నవ్వే ముఖాన్ని కాపాడటానికి తెలిసి చేసిన పని అది.

రెండు పక్కలా గడ్డలు వచ్చే ఎన్‌ఎఫ్2 జన్యు జబ్బు ఇంకో కథ. 22వ క్రోమోజోమ్ మీది జన్యువులో లోపం వల్ల వచ్చే ఇది మొత్తం కేసుల్లో సుమారు 5 శాతం. చిన్న వయసులోనే మొదలవుతుంది. ఇక్కడ ప్రతి నిర్ణయమూ రెండో చెవిని తలచుకుని తీసుకోవాలి.

ఒక చెవితో బతుకు, మిగిలిన సాయం

ఒక చెవి బాగుంటే చాలదా అని తరచూ అడుగుతారు. నిశ్శబ్దమైన గదిలో ఎదురుగా ఒక మనిషి ఉంటే చాలు. విశాఖ జీవితం ఆ గదిలో జరగదు. శబ్దం ఒక పక్క నుంచి వస్తే రెండు చెవులనూ చేరడానికి మధ్య గరిష్ఠంగా సెకనులో పదివేల వంతుల్లో ఆరో ఏడో మాత్రమే తేడా. ఆ తేడాతో, తల అడ్డువల్ల తగ్గే శబ్దంతో మెదడు దిక్కు కనిపెడుతుంది. ఒక చెవి పోతే ఈ లెక్క పోతుంది. ఎన్‌ఏడీ జంక్షన్‌లో వెనక బస్సు హారన్ వినపడుతుంది, ఏ పక్కకు తప్పుకోవాలో తెలియదు. పోర్టులో క్రేన్ కింద ఎవరో కేక వేస్తారు, తల తప్పు దిక్కుకు తిరుగుతుంది. పెళ్లి పంక్తిలో చెవుడు పక్కన కూర్చున్న చుట్టం పలకరిస్తే బదులు రాదు, పొగరనుకుంటారు.

సాయాలున్నాయి. క్రాస్ తరహా మిషన్ చెవుడు పక్క మైకుతో శబ్దాన్ని పట్టి బాగున్న చెవికి పంపుతుంది. ఎముక ద్వారా పంపే పరికరాలూ ఇదే పని చేస్తాయి. రెండూ చెవుడు పక్క మాటను అందిస్తాయి, దిక్కును తిరిగివ్వవు. దిక్కు కొంతైనా రావాలంటే, లోపలి చెవిలోని కాక్లియాలో అమర్చి వినికిడి నరానికి నేరుగా సంకేతాలు పంపే కాక్లియర్ ఇంప్లాంట్ కావాలి. ఒక చెవి మాత్రమే పోయినవారికి దీన్ని వాడటానికి అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో అనుమతి ఇచ్చింది. దీనికి వినికిడి నరం బతికి ఉండాలి. అందుకే వినికిడి పోయినా నరాన్ని మిగిల్చిన ఆపరేషన్ వృథా కాదు. లోపలి చెవి గుండా ఆపరేషన్ చేసినవారిలో, తర్వాత కాక్లియాలో ఎముక పూడుకుపోవచ్చు. ఇంప్లాంట్ ఆలోచన ఉంటే ఆపరేషన్‌కు ముందే మాట్లాడాలి. ఇంప్లాంట్‌లోని అయస్కాంతం తర్వాతి ఎమ్మారైలను మసకబారుస్తుందనేది కూడా ఆ మాటల్లో రావాలి. రెండు నరాలూ పోయిన ఎన్‌ఎఫ్2 రోగులకు మెదడు కాండం మీద పెట్టే ఇంప్లాంట్ 1979 నుంచి ఉంది. దానితో ఎక్కువమందికి దక్కేది శబ్దాల స్పృహ, పెదవుల కదలిక చదవడానికి ఊతం.

ఖర్చు దగ్గరికొస్తే, ప్రభుత్వ పథకాల్లో కాక్లియర్ ఇంప్లాంట్ సాయం ప్రధానంగా పుట్టు చెవుడు ఉన్న చిన్నపిల్లల కోసం ఏర్పడింది. గడ్డ ఆపరేషన్‌కు పథకం వర్తిస్తుందా, ఏ ప్యాకేజీ కింద అన్నది చేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016 వినికిడి వైకల్యాన్ని రెండు చెవుల నష్టంతోనే నిర్వచించింది: 60 నుంచి 70 డెసిబెల్స్ అయితే ఒక తరగతి, 70 అయితే ఇంకొకటి. ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది బాగున్న కార్మికుడు ఆ నిర్వచనంలోకి రాడు.

ఆయనకు మిగిలిన ఆ ఒక్క చెవి రోజూ రొదలోకే వెళ్తుంది. ఫ్యాక్టరీ నిబంధనలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దుగా పెట్టింది రెండు చెవులున్న మనిషిని దృష్టిలో ఉంచుకుని. ఒకే చెవి ఉన్నవారికి ఆ హద్దుకు చాలా కిందే రక్షణ మొదలవ్వాలి. ఇయర్‌మఫ్ తప్పనిసరి, వీలైతే రొద తక్కువ విభాగానికి మార్పు. ఆ మార్పు అడిగేటప్పుడు ధ్రువపత్రం లేకపోయినా చూపగలిగేవి మూడున్నాయి: డిశ్చార్జ్ సమ్మరీ, రెండు చెవుల ఆడియోగ్రామ్, మాటల పరీక్ష శాతం. మూడింటి మీదా తేదీలు ఉండాలి, ఏటా కొత్తవి చేరుతుండాలి.